ఇల్లే బడి అయితే...

కొత్తగా కనిపించిన పిల్లల్ని మనం అడిగే ప్రశ్నలు రెండే. పేరేమిటి, ఏ క్లాసు. పెళ్ళిపందిట్లో అయినా, బస్సులో పక్కసీట్లో అయినా అంతే. ఆ రెండో ప్రశ్నకు ‘నేను బడికి పోను, ఇంట్లోనే చదువుకుంటా’ అని జవాబు వచ్చిందనుకోండి, మన ముఖాలు మారిపోతాయి. పిల్లవాడికి ఏదైనా జబ్బేమో, ఫీజు కట్టలేకపోయారేమో, లేదంటే ఆ తల్లిదండ్రులకే కాస్త తిక్కేమో... క్షణంలో ఇన్ని ఊహలు!

మా కేతేపల్లి హైదరాబాదు-విజయవాడ హైవే మీది ఊరు. పొద్దున పసుపుపచ్చ బస్సులు కొన్ని నకిరేకల్ వైపు, కొన్ని సూర్యాపేట వైపు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళిపోతాయి. ఆ హడావిడి సద్దుమణిగాక గానీ మేము ఆడవాళ్ళం టీ గ్లాసు పట్టుకుని ఒకచోట కూర్చోం. ఇలాంటి ఊళ్ళో ‘పిల్లల్ని అసలు బడికే పంపకుండా ఇంట్లో చదివించేవాళ్ళున్నారు’ అంటే ‘వాళ్ళకింకేం పని లేదా’ అని నవ్వుతారు. కానీ ఉన్నారు. హైదరాబాదులోనే కాదు, మన సూర్యాపేటలో కూడా. దీన్ని హోమ్‌స్కూలింగ్ అంటున్నారు. మనం ఇంటిచదువు అనుకుందాం.

కడుపునొప్పితో మొదలు

సూర్యాపేటలో నాకు తెలిసిన ఒకావిడ ఉంది. బీఎస్సీ, బీఈడీ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్తకు ఎరువుల దుకాణం. ఒక్కడే కొడుకు. రెండో తరగతికి వచ్చేసరికి వాడికి రోజూ పొద్దున కడుపునొప్పి. ఆదివారం మాత్రం రాదు! డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. నోటితో అడిగితే ఎక్కాలన్నీ గడగడా చెప్పే పిల్లవాడు బోర్డు మీదున్నది నోటుబుక్కులోకి దించుకోలేడు. అక్షరాలు తారుమారవుతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి. అందరూ రాసేసి పుస్తకాలు మూసేస్తే వీడొక్కడే కూర్చుని రాయాలి. ఇంటికొచ్చాక ఆ మిగిలింది, దానిమీద హోంవర్కు. రాత్రి పదింటిదాకా తల్లికీ కొడుక్కీ ఏడుపులే.

‘బడి మాన్పించాలని అనుకోలేదక్కా. ఒక మూడు నెలలు పిల్లగాడు ఊపిరి తీసుకోనీ అనుకున్న. ఆ మూడు నెలలే నాలుగేండ్లయినయి’ అంటుంది ఆమె.

కొడుకు కోసం ఆమె తన ఉద్యోగం మానేసింది. ‘పోనీలే, ఫీజు మిగిలింది’ అన్నారట అత్తగారు. ‘యాడ మిగిలిందత్తమ్మా, నా జీతం పోయింది గదా’ అందట ఈవిడ.

నేను వాళ్ళింటికి వెళ్ళిన రోజు చదువు ఎలా సాగుతుందో చూశాను. టైంటేబులు, గంట కొట్టడం అలాంటివేమీ లేవు. పొద్దున రెండు గంటలు తల్లి దగ్గర తెలుగు, ఇంగ్లీషు. అదీ పావుగంటకోసారి లేస్తూ కూర్చుంటూ. పదకొండు దాటాక తండ్రి దుకాణానికి. అక్కడ బస్తాల లెక్క, ఎవరికెంత బాకీ, యాభై కిలోల బస్తా మూడెకరాలకు ఎలా సర్దాలి - లెక్కల పుస్తకమంతా అక్కడే ఉంది. మధ్యాహ్నం నిద్ర, తర్వాత బొమ్మల పుస్తకాలు. సాయంత్రం వీధిలో పిల్లలతో క్రికెట్. ‘తోడు పిల్లలు లేకుండా ఎలా పెరుగుతాడు’ అని నేను అడగబోయాను గానీ, బ్యాటు కోసం వాడు వేసిన కేకలు విన్నాక అడగలేదు. రెండేళ్ళు గడిచాక వాడు తనంతట తాను ఒక కథ చదివాడట. ఆ రోజు తల్లి పాయసం చేసింది.

తర్వాతెప్పుడో హైదరాబాదులో చూపిస్తే చదవడంలో వచ్చే ఈ తారుమారుకు డిస్లెక్సియా అని పేరు చెప్పారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన లోపాలు కూడా ఉన్నాయి. అంటే బడే వీడికి ఎక్కువ సమయం ఇవ్వాలి, వీడికి తగ్గట్టు చెప్పాలి. ఆ మాట రెండో తరగతిలోనే ఎవరైనా చెప్పి ఉంటే ఈ తల్లి ఉద్యోగం మానేది కాదు.

ఒక్కో ఇంటికి ఒక్కో కారణం

కొందరు ఆట కోసం మాన్పిస్తారు. హైదరాబాదు అమ్మాయి నైనా జైస్వాల్ సంగతి మనలో చాలామందికి తెలుసు. టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి. ఇంట్లోనే చదువుకుని ఎనిమిదేళ్ళకు పదో తరగతి, పదమూడేళ్ళకు డిగ్రీ పూర్తిచేసింది. 22 ఏళ్ళకు డాక్టరేటు కూడా అందుకుంది. తమ్ముడు అగస్త్యదీ అదే దారి. పిల్లలిద్దరికీ చదువు చెప్పింది తల్లిదండ్రులే.

అబ్బురమే, కాదనను. కానీ ఇలాంటి వార్తలు చదివిన తల్లులు కొందరు మా వైపు కూడా ‘మనవాణ్ణి కూడా ఇంట్లో కూర్చోబెడితే రెండు క్లాసులు ఒకేసారి లాగించెయ్యొచ్చు’ అంటుంటే నాకు భయమేస్తుంది. బడి పరుగు పెట్టిస్తోందని మాన్పించి, ఇంట్లో అంతకన్నా గట్టిగా పరిగెత్తించడం ఏం న్యాయం? మామూలు పిల్లలకు మామూలు వేగం చాలు.

ఇంకొందరికి బదిలీల ఉద్యోగాలు. ఏడాదికో ఊరు, ఊరికో సిలబస్. మరికొందరికి కార్పొరేట్ చదువంటేనే భయం. 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాల్లో దొర్లిన తప్పులు, ఆ వెంటనే పిల్లల ఆత్మహత్యలు - ఆ రోజులు ఏ తల్లీ మర్చిపోదు. ఆరో తరగతి నుంచే ఐఐటీ అంటూ మొదలయ్యే ఆ బాటలో బిడ్డను పెట్టనే పెట్టం అనుకున్నవాళ్ళున్నారు.

బడి అనే పద్ధతే తప్పు అని నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో జాన్ హోల్ట్ అనే ఆయన చాలా ఏళ్ళు టీచరుగా పనిచేసి, పిల్లలు బడిలో నేర్చుకునేది ఎక్కువగా భయాన్నే అని తేల్చుకున్నాడు. 1977లో బడిలేని పెంపకం గురించి ఒక పత్రికే పెట్టాడు. 1993 నాటికి అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ ఇంటిచదువు చట్టబద్ధమైంది. జర్మనీలో మాత్రం బడికి పంపాల్సిందే, ఇంట్లో చెబుతామంటే కుదరదు. పెద్ద పెద్ద దేశాలే ఒక మాట మీద లేవన్నమాట.

అచ్చమాంబ చదువు

ఇంటిచదువు మనకు కొత్తేం కాదు, ముఖ్యంగా ఆడవాళ్ళకు. మా హైవే మీదే సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతుంటే మునగాల వస్తుంది. ఆ సంస్థానంలో దివానుగా చేసిన కొమర్రాజు వెంకటప్పయ్యగారి కూతురే భండారు అచ్చమాంబ. 1874లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, చిన్నతనంలోనే పెళ్ళయింది. బడి గడప తొక్కలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదవడం, రాయడం నేర్చుకుంది. ఆ చదువుతోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని మన దేశపు స్త్రీల చరిత్రలు రాసింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. తెలుగులో మొదటి కథ అదేనని చెప్పే విమర్శకులున్నారు. కథలు రాసుకునే నాబోటివాళ్ళకు ఆమె పెద్దమ్మ లాంటిది. ముప్పైఒక్క ఏళ్ళు నిండకుండానే 1905లో వెళ్ళిపోయింది.

ఇంటిచదువు గొప్పదనానికి ఈవిడనే ఉదాహరణగా చెబుతారు కొందరు. నాకు మాత్రం మరొకటి తోస్తుంది. ఆమె ఇంటిచదువును ఎంచుకోలేదు. తమ్ముడికి బడి దొరికింది, ఆమెకు దొరకలేదు. చదువంటే ప్రాణం పెట్టే తమ్ముడు ఇంట్లో ఉండబట్టి ఆ కాస్తా దక్కింది. అలాంటి తమ్ముడు లేని అచ్చమాంబలు ఎంతమంది పోయారో మనకు లెక్క తెలియదు.

మన వైపు ‘ఇంట్ల ఉంచుడు’

హైదరాబాదు అపార్టుమెంటులో ‘మా పాపను ఇంట్లోనే ఉంచాం’ అంటే ఒక అర్థం. మా వైపు ‘పిల్లను ఇంట్ల ఉంచినం’ అంటే వేరే అర్థం. చిన్నతమ్ముణ్ణి ఎత్తుకోవడం, తల్లి కూలికి పోతే అన్నం వండటం, పత్తి చేలో పనికి పోవడం, ఆ తర్వాత ఒక మంచి సంబంధం. ఈ మాట వెనక ఉన్న చరిత్ర తెలుసు కాబట్టే, బడి మాన్పించడం అనగానే మా ఊరి టీచరమ్మలు ఉలిక్కిపడతారు.

1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళ సూత్రం ఒకటే. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికులే. ఇంట్లో అంట్లు తోమే పిల్ల అయినా సరే. ఈ ఒక్క మాట కోసం వాళ్ళు తల్లిదండ్రులతో, ఊరి పెద్దలతో ఏళ్ళ తరబడి మాట్లాడారు. ఇంత పోరాడి నిలబెట్టిన సూత్రానికి ఇంటిచదువు ఎక్కడ పొసుగుతుంది?

చట్టం కూడా ఇదే ఇరకాటంలో ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి. విధి అన్నారు గానీ, చేర్పించకపోతే శిక్ష పెట్టలేదు. మామూలు పిల్లలకు ఇంటిచదువు చెల్లుతుందని గానీ, చెల్లదని గానీ అందులో రాయలేదు. ఇక 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చూడండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు బడి అయ్యాకో, సెలవుల్లోనో ఇంటివాళ్ళ పనిలో సాయం చేయవచ్చంది. బడి వేళలే లేని పిల్లకు ‘బడి అయ్యాక’ ఎప్పుడొస్తుంది?

ఇంటికొచ్చే టీచరు

ఒక్క విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. 2012లో చేసిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంట్లోనే చదువుకునే హక్కును ఎంచుకోవచ్చు. ఫ్లోరైడు నీళ్ళకు ఎముకలు వంకరపోయిన పిల్లల్ని ఎరిగిన జిల్లా మనది. దీని విలువ మనకు వేరే చెప్పనక్కర్లేదు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడి ప్రత్యేక టీచర్లు కదల్లేని పిల్లల ఇళ్ళకు వారానికోసారి వెళ్ళి చెప్పి వస్తారు.

నేనెరిగిన ఒక ఇంట్లో పదకొండేళ్ళ పాప మంచం దిగలేదు. టీచరు వచ్చే రోజు పొద్దున్నే జడ వేయించుకుని, పౌడరు రాయించుకుని కూర్చుంటుంది. పలక మీద పేరు రాస్తుంది, రంగులు చెబుతుంది. వారంలో మిగతా రోజులన్నీ ఆ తల్లే టీచరు, తల్లే ఆయా. ‘టీచరమ్మ వచ్చినప్పుడు నేనొక గంట దుకాణానికి పోయొస్త. అదే నాకు సెలవు’ అంది ఆ తల్లి. ఆ మాట విన్నాక ఇంటిచదువు గురించి ఎవరేం చెప్పినా, ఆ ఇంట్లో అమ్మకు గంట సెలవుందా అని అడగడం నాకలవాటైంది.

ఎందుకంటే ఇంటిచదువుకు అసలు ఫీజు తల్లి రోజే. తండ్రులు చెప్పే ఇళ్ళూ ఉన్నాయి, లేవనను. కానీ ఎక్కువ ఇళ్ళలో చాక్‌పీసు ఎవరి చేతికొస్తుందో మనకు తెలుసు. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు మనమందరం ఆ రుచి చూశాం కదా! సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలన్నారు. ఇంటికొక ఫోను, అది పట్టుకుని ఆయన పనికి పోతే పాఠం కూడా ఆయన వెంటే పోయేది. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులు తెరిచి, మార్చి 24 నుంచి మళ్ళీ మూసి, సెప్టెంబరు 1న తిరిగి తెరిచారు. ఈలోగా ఒత్తులు మర్చిపోయిన పిల్లలున్నారు. మధ్యాహ్న భోజనం పోయి సన్నబడ్డ పిల్లలున్నారు. నా చుట్టుపక్కల డిగ్రీ చదివిన తల్లుల పిల్లలు ఎలాగో గట్టెక్కారు. కూలికి పోయే తల్లుల పిల్లలు వెనకబడ్డారు. ప్రేమ తక్కువై కాదు, పగలంతా ఆ తల్లి చేలో ఉంటుంది కాబట్టి.

సర్టిఫికెట్ల సంగతి

ఇంట్లో చదివిస్తాం, రేపు పరీక్ష ఎలా అని అడిగేవాళ్ళకు జవాబు ఓపెన్ స్కూలు. ఢిల్లీ కేంద్రంగా 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూలు ఉంది, ఇప్పుడు ఎన్ఐఓఎస్ అంటున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. ఇప్పుడు మనకు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. చదవడం, రాయడం వస్తే చాలు. తెలుగులోనూ రాయవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కాలన్న నిబంధన లేదు. ఈ సర్టిఫికెట్టు మామూలు పదో తరగతితో సమానమే. అయినా నీట్ పరీక్షకు ఓపెన్ స్కూలు పిల్లలు పనికిరారని ఒకప్పుడు నిబంధన పెట్టారు. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది.

పోగొట్టుకునేవి కూడా ముందే తెలిసి ఉండాలి. చలకుర్తిలోని నవోదయలో ఆరో తరగతి సీటు కావాలంటే గుర్తింపు ఉన్న బడిలో ఐదో తరగతి చదువుతూ ఉండాలి. గురుకులాల్లో ఐదో తరగతి సీటుకూ అంతే, నాలుగో తరగతి బడిలో చదవాలి. రేపు ఉద్యోగాలకు స్థానికత చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. బడిలో చదవనివాళ్ళు నివాస ధ్రువపత్రం కోసం తిరగాలి. సూర్యాపేట ఆవిడ ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. మరో ధైర్యం కూడా ఉంది ఆమెకు. ఎప్పుడు తిరిగి చేర్పించినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పి అందుకునేట్టు చేయాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. కొడుకు ఈమధ్య ‘హైస్కూలుకు పోతా’ అంటున్నాడట, క్రికెట్ టీములో చేరడానికి. ఆమె టెట్ పుస్తకాలు దుమ్ము దులుపుతోంది.

మా వీధి పిల్ల

మా వీధిలో ఇంకో పిల్ల ఉంది. ఏడో తరగతితో బడి మానేసింది. ‘నేనేమన్న చదువొద్దన్ననా, ఇంట్లనే చదువుకుంటది’ అన్నాడు వాళ్ళ నాన్న. మంచి మాటే. పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగితే అటక చూపించింది ఆ పిల్ల. తమ్ముడు మాత్రం పసుపుపచ్చ బస్సెక్కుతాడు. చదువు మానేసిన ఆడపిల్లల కోసమే 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలున్నాయి, అక్కడ వేయండని చెప్పాను. హాస్టలంటే తల్లికి బెంగ, తండ్రికి ఇంట్లో పని చేసేవాళ్ళు కరువు. పిల్లకు పదిహేనేళ్ళొచ్చాయి.

ఈసారి ఓపెన్ స్కూలు అడ్మిషన్లు మొదలైనప్పుడు వెళ్ళి మళ్ళీ చెప్పాను. సెలవు రోజుల్లోనే క్లాసులు, మిగతా రోజులు ఇంట్లోనే చదువుకోవచ్చు, మీరన్నట్టే అన్నాను. ‘కలుపులు అయిపోనియ్ మేడం, చూద్దాం’ అన్నాడు. ఆ పిల్ల తలుపు వెనక నిలబడి వింటోంది.

మధ్యాహ్నం రెండింటికి తల్లి మా ఇంటికొచ్చింది. పిల్ల ఆధార్ కార్డు, బడిలో ఇచ్చిన టీసీ, రెండు ఫోటోలు కొంగు చాటున పెట్టుకుని తెచ్చింది. మీసేవ ఎన్ని గంటలదాకా ఉంటదక్కా అని అడిగింది.